మెడలో అట్టముక్క

“అవ్వా, నువ్వు సచ్చిపోయినవ్. జెర కదలకుండ పండుకో.”

నర్సు కల్పలత ‘మృతురాలు’ అని రాసిన అట్టముక్కను ముసలమ్మ మెడలో వేసింది.

“బీపీ గోలీల కోసం వచ్చిన బిడ్డా. పొద్దుగాల్నుంచి కూసున్న.”

“డ్రిల్లు అయినంక ఇస్తా. ఒక మనిషి తక్కువ పడ్డడు.”

సరిహద్దులో యుద్ధం మొదలై నాలుగు రోజులైంది. నేరేడ్‌మెట్‌లోని ఆ చిన్న ఆరోగ్య కేంద్రంలో అందరి సెలవులూ రద్దయ్యాయి. పిల్లల టీకాలు, గర్భిణుల పరీక్షలు చాలవన్నట్టు నాలుగింటికి, బాంబు పడితే ఏం చెయ్యాలో అలవాటు చేసే మాక్ డ్రిల్లు. యుద్ధం ఎక్కడో జరుగుతుంటే కల్పలత నడుము ఇక్కడ విరుగుతోంది.

డ్రిల్లు చూడవచ్చిన అధికారి సత్యదేవ్ గోడమీది ప్రశంసాపత్రం చదివాడు.

“ఆరేళ్లలో ఇంటి దగ్గర ఒక్క కాన్పూ లేదా! ఎలా సాధించారండీ?”

“నాలా బస్తీల బాలమ్మ అని మంత్రసాని ఉండె సార్. అందరు ఆమె దగ్గరికే పోతుండె. పైకి రిపోర్టు రాసి బంద్ చేయించిన.”

“ఆవిడ గొడవ చెయ్యలేదా?”

“నేనామెను సూడనే లేదు సార్. కాయితం మీదనే పనైపోయింది.”

ఆ పత్రం కిందే, నేలమీద, ముసలమ్మ కళ్లు మూసుకుని పడుకుంది.

సైరన్ మోగింది. గాయపడ్డవాళ్లుగా నటించడానికి మెడలో అట్టలు వేసుకున్నవాళ్లంతా మూలగడం మొదలుపెట్టారు. టీకాలకొచ్చిన పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు.

పరీక్షకొచ్చిన సృజనకు నెలలు నిండుతున్నాయి. భర్త సరిహద్దులో జవాను. మూడు రోజులుగా ఫోను లేదు. సైరన్ వినగానే పొట్ట పట్టుకుని గోడవారగా జారి కూలబడింది.

“గర్భిణి పాత్ర కూడా పెట్టారా? భలే చేస్తోందండీ!” అన్నాడు సత్యదేవ్.

“అది నాటకం కాదు బిడ్డా,” అంది ముసలమ్మ.

“అవ్వా! సచ్చినోళ్లు మాట్లాడొద్దు,” విసుక్కుంది కల్పలత.

ముసలమ్మ లేచింది. సృజన పక్కన కూర్చుని పొట్టమీద అరచెయ్యి ఆనించింది.

“రాయి లెక్క గట్టిపడ్డది. లోపట నెత్తురు పోతున్నట్టుంది. ఇది చేతులతోని అయ్యే కానుపు కాదు. పెద్ద దవాఖానకు జల్ది తీస్కపో!”

కల్పలత అప్పుడు చూసింది. సృజన మెడలో అట్ట లేదు. చీర కుచ్చిళ్లు తడిసి ఎర్రగా ఉన్నాయి.

డ్రిల్లు కోసం నిలబెట్టిన అంబులెన్స్ నిజంగానే కదిలింది. ముసలమ్మ సృజనను ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, తలుపు మూసేదాకా చెయ్యి వదల్లేదు. కల్పలత వెంట వెళ్లింది.

గంటన్నర తర్వాత పెద్దాసుపత్రిలో ఆపరేషన్ గదిలోంచి డాక్టరమ్మ బయటికొచ్చింది.

“ఆడపిల్ల. తల్లి కూడా బాగుంది. ఇంకో పావుగంటైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు. బాగా కనిపెట్టారు సిస్టర్.”

“నేను కాదు మేడమ్,” అంది కల్పలత.

తిరిగొచ్చేసరికి కేంద్రం ఖాళీగా ఉంది. మందుల గది తాళంచెవి ఆమె కొంగుకే ఉండిపోయింది. ముసలమ్మకు గోలీలు ఇచ్చినవాళ్లు లేరు.

కుర్చీలో అట్టముక్క, దాని కింద మడిచిన ఓపీ చీటీ ఉన్నాయి.

గోలీలు ఇంటికే తీసుకెళ్లి ఇద్దామని, అడ్రసు కోసం కల్పలత చీటీ విప్పింది.

ఆరేళ్ల కిందట తన రిపోర్టులో తానే రాసిన పేరు, అదే అడ్రసు: బాలమ్మ, నాలా బస్తీ.