ఎముక పట్టు

జయరామప్ప తుంటి ఎక్స్‌రేను డాక్టర్ జరీనా వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. లోహపు కాడకూ ఎముకకూ మధ్య ఒక సన్నని నల్ల గీత. ఉండకూడని గీత.

జయరామప్పది బెంగళూరు పక్కనున్న ఆనేకల్. పట్టుమగ్గాల మనిషి. యాభై దాటాయి. పందొమ్మిది వందల తొంభై ఎనిమిది వేసవిలో మడివాళ వైపు పోయే బస్సు కదులుతుంటే ఎక్కబోయి జారిపడ్డాడు. తుంటి విరిగింది. బెంగళూరులో జరీనా పనిచేసే ఆసుపత్రికి తెచ్చారు. విరిగిన ముక్క తీసేసి ఆమె కొత్త కీలు అమర్చింది.

మర్నాడు అతని భార్య పిల్లమ్మను పిలిచి కూర్చోబెట్టింది. జరీనాది కర్నూలు. తెలుగులోనే విడమరిచి చెప్పింది. ఈ కీలును సిమెంటుతో అంటించలేదు. దాని కాడ గరుకుగా ఉంటుంది. ఎముకే పెరిగి, ఆ గరుకులోకి పాకి, దాన్ని పట్టుకోవాలి. అందుకని నెలన్నర పాటు ఆ కాలు నేలకు మోపకూడదు.

మోపితే ఏమవుతుందని పిల్లమ్మ అడిగింది.

"లోపల కాడ కదులుతుంది. వెంట్రుకవాసి కదిలినా చాలు, ఎముక పెరగడం మానేస్తుంది. దాని బదులు మెత్తటి పొర పుడుతుంది. ఆ పొర మనిషి బరువు మొయ్యదమ్మా."

పిల్లమ్మ ఆ మాటలన్నీ మళ్లీ ఒకసారి అప్పజెప్పి, సరిగ్గా చెప్పానా అని అడిగింది. ఆయప్ప మత్తులో ఉండాడు, ఇంటికి పోయినాక నేనే నిదానంగా చెప్పుకుంటానంది. ఇంత శ్రద్ధగా అడిగి తెలుసుకున్న మనిషిని జరీనా అంతకుముందు చూడలేదు.

జయరామప్పకు లేచి నడవాలన్న ఆరాటం ఎక్కువ. జరీనా వార్డుకు వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న. అన్నీ పిల్లమ్మకు చెప్పానని ఆమె జవాబు. ఎందుకంత తొందరని ఒకరోజు నవ్వుతూ అడిగింది. మడివాళలో కూతురు సొన్నమ్మ ఉందన్నాడు. ఆమె ముఖం చూసి ఏడాది దాటిందన్నాడు.

"కాలు వస్తే మొదట ఆడికే పోవాల డాక్టరమ్మా. అంతవరకూ నాకు నిద్ర పట్టదు."

ఆ సాయంత్రం జరీనా కర్నూలుకు ఫోన్ చేసి తన తండ్రితో మాట్లాడింది. సొన్నమ్మ ఆసుపత్రికి ఎందుకు రాలేదని పిల్లమ్మను అడిగితే, ఆమె తల వంచుకుని, పసిబిడ్డ తల్లి, ఎట్ల వస్తాది అంది.

నెలన్నరకు చూపించమంటే వాళ్లు దసరా దాటాక వచ్చారు. బస్సు కుదుపులకు భయపడి తీసుకురాలేదని పిల్లమ్మ చెప్పింది. అప్పుడు తీసిన ఎక్స్‌రేలోదే ఈ నల్ల గీత.

రక్తపరీక్షల్లో ఏ దోషమూ లేదు. చీము పట్టిన జాడ లేదు. చెప్పినట్టే చేశారా అని జరీనా అడిగింది.

"ఈమె చెప్పిన మాట ఒక్కటీ మీరలేదు," అన్నాడు జయరామప్ప. "ప్రాణం పోయేంత నొప్పి పెట్టినా ఓర్చుకుంటి."

పిల్లమ్మ అతని కాళ్ల మీద దుప్పటి సర్దింది.

మళ్లీ ఆపరేషన్ చేయక తప్పలేదు. ఎముక పట్టిన కాడను తీయాలంటే సుత్తితో గంటల పని. ఈ కాడ మాత్రం లాగగానే చేతిలోకి వచ్చేసింది. లోపల తిరిగి తిరిగి అది చుట్టూ ఉన్న ఎముకను గుడ్డు పెంకులా పల్చన చేసింది. మరో కీలు నిలిచే చోటే లేదు. జరీనా ఏమీ అమర్చకుండా కుట్లు వేసి బయటికి వచ్చింది.

ఇక గదిలో ఊతకర్రలతో నాలుగడుగులు, అంతే. మెట్లు దిగలేడు, బస్సు ఎక్కలేడు. ఆ సంగతి విని జయరామప్ప గోడవైపు తిరిగి, మంచం పట్టీని పిడికిలితో గుద్దుతూ ఏడ్చాడు. పిల్లమ్మ కొంగుతో అతని ముఖం తుడిచింది. రాగి అంబలి గ్లాసు నోటికి అందించింది.

వరండాలోకి వచ్చాక, వేరే డాక్టరు ఎవరైనా లేపగలరా అని గొంతు తగ్గించి అడిగింది. ఎవరి వల్లా కాదంది జరీనా. పిల్లమ్మ అలాగే గోడకు జారి నేలమీద కూలబడింది. కడుపులోంచి తన్నుకొచ్చినట్టు ఏడ్చింది. ఇంక బతికినన్నాళ్లూ ఎత్తి దించాల్సింది నేనే గదమ్మా అంది.

జరీనా పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇందులో మీ తప్పేం లేదు పిల్లమ్మా. మీరు చేయగలిగిందంతా చేశారు."

మధ్యాహ్నం అతను నిద్రపోయాక, కాస్త చూస్తుండమని నర్సుకు చెప్పి పిల్లమ్మ బస్సెక్కింది. మడివాళ మార్కెట్ వెనక సందులో ఒక మేడమీది గది. తలుపు తట్టి రెండుసార్లు పేరు చెప్పాకగానీ గడియ తీసిన చప్పుడు కాలేదు. సొన్నమ్మ ముందు తల్లి వెనకున్న మెట్లకేసి చూసింది. తర్వాతే తల్లిని లోపలికి లాగి మళ్లీ గడియ పెట్టింది.

పిల్లమ్మ మనవణ్ణి ఒళ్లోకి తీసుకుంది. మొదటిసారి. వాడి పాదాలు రెండూ అరచేతుల్లో పెట్టుకుంది. అప్పుడు చెప్పింది.

"ఇంగ తలుపుకు గడియ వద్దు సొన్నా, నిన్నూ నీ మొగుణ్ణీ నరకాలని కొడవలి పట్టుకొని బస్సెక్కబోయిన మీ నాయిన ఇంగెప్పటికీ నడవకుండా, దినామూ ఆ కాలి మిందే నేను నిలబెడితిని."