ఇరవై ఐదు దాటని బండి

రవీందర్ కంట్రోలర్ డబ్బా మూత తీశాడు.

మొన్న తాను తెంపిన తెల్ల వైరు తిరిగి కలిసి ఉంది. పైన నల్ల టేపు శుభ్రంగా చుట్టి ఉంది.

కలిపింది తాను కాదు.

ఆ వైరు కలిసి ఉంటే బండి గంటకు ఇరవై ఐదు కిలోమీటర్లు దాటదు. రెండు వందల యాభై వాట్ల లోపు మోటారుతో, ఇరవై ఐదు మించని వేగంతో నడిచే తేలికపాటి బండికి నంబరు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. వైరు తెంపితే నలభై పోతుంది. అప్పుడు అన్నీ కావాలి. ఇంట్లో చేసిన బండికి అవి దొరకవు. పట్టుకుంటే సీజే.

తనిఖీ రోజు కలపడం, మర్నాడు తెంపడం అతనికి తెలిసిన మెకానిక్‌లంతా చేసే పనే. ఈరోజు పదకొండు గంటలకు రవాణా ఆఫీసులో బండి చూపించాలి. ఎవరో దరఖాస్తు పెట్టారట, ఫిర్యాదే అయ్యుంటుంది. వైరు కలపడానికే డబ్బా తీశాడు.

"అన్నా, ఏమైంది?" అంది రోజా.

బండి ఆమెదే. చిన్నప్పుడే చెల్లెలి కుడికాలు చచ్చుబడింది. బస్సు మెట్టు ఎక్కలేదు. ఎడపల్లిలో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. అందుకే రవీందర్ సైకిలు గొట్టాలతో మూడు చక్రాల బండి కట్టాడు. గాలిని చీల్చుకుపోయేలా పైన పలుచని ఫైబర్ తొడిగాడు. ముక్కు సన్నం, తోక సన్నం. గల్లీలో అందరూ దాన్ని చేప అంటారు.

"మన డబ్బాల ఎవడో చెయ్యి వెట్టిండు."

పక్కన పంక్చర్ దుకాణం లింగం నవ్వాడు. "ఇంకెవడు? గా ముసలోడే. పది రోజుల సంది నీ స్టూలు మీద కూసోని సూస్తలేడా? ఆఫీసోళ్లకు ముచ్చట్లు మోసే ఖబరీ గాడు!"

ముసలాయన అప్పుడే వస్తున్నాడు. తెల్ల టోపీ, చేతిలో గుడ్డ సంచి. పేరు ఎవరూ అడగలేదు.

"ఓ పెద్దమనిషీ! గీ వైరు ఎవరు కలిపిండ్రు?"

"నేనే."

"ఎవర్ని అడిగి?"

"అడిగితే నువ్వు ఒప్పుకుంటుంటివా, బిడ్డా?"

"ఆఫీసుల దరఖాస్తు వెట్టింది గుడ నువ్వేనా?"

"నేనే."

రవీందర్ అతని భుజం పట్టి తోశాడు. ముసలాయన మోరీ కాలువ పక్కన పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది.

"అన్నా!" అని రోజా అరిచింది.

"నా చెల్లె నౌకరీ నోట్ల మన్ను కొడ్తవా? ఇంకోపాలి గీ దిక్కు కనవడ్డవో, కాళ్లు ఇరగ్గొడ్త!"

ముసలాయన మెల్లగా లేచి సంచి దులుపుకున్నాడు.

"తేలిక బండి. పక్కపొంటి లారీ పోతే ఆ గాలికే ఊగుతది. జర మెల్లగ పోనియ్యి."

"నడువ్!"

ఆయన వెళ్ళిపోయాడు.

పదకొండు గంటలకు రవీందర్ బండిని ఆఫీసు మైదానంలోకి తెచ్చాడు. గేటు దగ్గర చూసి ఆగిపోయాడు.

ముసలాయన అక్కడే ఉన్నాడు. బండ్లు తనిఖీ చేసే అంకిత మేడంతో ఏదో చెబుతున్నాడు. ఆమె బండి వైపు చూస్తూ తల ఊపుతోంది.

"అయిపాయె," అన్నాడు రవీందర్. "తెంపిన ముచ్చట జెప్పిండు."

మేడం వచ్చింది. మోటారు మీద అంకె చదివింది. బ్యాటరీ తీయించి బండిని తూకం వేయించింది. బ్రేకులు రెండుసార్లు పట్టించింది.

"డబ్బా తెరువు."

రవీందర్ మూత తీశాడు. ఆమె వంగి తెల్ల వైరును, టేపును చాలాసేపు చూసింది.

"ఎవరు కలిపారు?"

అతను గేటు వైపు చూశాడు.

"సరే. అమ్మా, యాక్సిలరేటరు మొత్తం తిప్పి నడుపు."

రోజా బండిలో కూర్చుని హ్యాండిల్ పిడిని పూర్తిగా తిప్పింది. చేప బండి మైదానం ఆ చివరి దాకా పోయి వచ్చింది. మేడం చేతిలోని మీటరు చూసింది.

"ఇరవై నాలుగు."

కాగితం మీద సంతకం చేసి, ముద్ర వేసి రోజా చేతికిచ్చింది. "నంబరు, లైసెన్సు అక్కర్లేదని రాశాను, ఇది బండిలోనే పెట్టుకో. రోడ్డు మీద ఎవరాపినా చూపించు."

రవీందర్‌కు నమ్మకం కుదరలేదు. "మేడం, మరి... ఫిర్యాదు?"

"ఫిర్యాదని ఎవరన్నారు?"

"గా ముసలాయన వెట్టిండు గద."

"బాపురావు గారా? ఈ కాగితం కావాలనే పెట్టారు. పది రోజుల్లో నాలుగుసార్లు వచ్చారు. నిరుడు నందిపేట్‌లో ఒకాయన ఇలాంటిదే చేస్తే దానికీ ఆయనే తిరిగారు."

"మరి ఇప్పుడు మీతోని ఏం జెప్పిండు?"

"బండి చేసిన పిల్లగాడు మంచోడు, జర కోపమెక్కువ, గట్టిగా మాట్లాడకండి అన్నారు."

రవీందర్ గేటు వైపు పరుగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు. టీ బండి ఆమె చేయెత్తి రోడ్డు చూపించింది.

"గా టోపీ తాతనా? మీ బండి కాగితం మీద ముద్రవడేదాక చూసి లేచిండు. బస్సెక్కె."

"ఏ ఊరి బస్సు?"

"నేనేం జూస్తి, తమ్మీ?"

అతను తిరిగి వచ్చేసరికి రోజా మేడం ఇచ్చిన దరఖాస్తు నకలు చదువుతోంది. కాగితం అన్న చేతిలో పెట్టింది.

చిరునామా చోట రెంజల్ అని ఊరి పేరు రాసి కొట్టేసి ఉంది. ఇల్లు ఇప్పుడు లేదని పక్కన చిన్నగా రాసి ఉంది.

దరఖాస్తుదారుకు ఈ వాహనంతో గల సంబంధం అన్నచోట మాత్రం గుండ్రటి అక్షరాలతో ఒకే వాక్యం ఉంది: "ఏమీ లేదు, నడవలేని నా బిడ్డ సుష్మకు ఇటువంటి బండి నేనే చేసిచ్చాను, నలభై మీద పోతుండగా అది పల్టీ కొట్టి ఆమె చనిపోయింది."