నాలుగు పాయింట్ల కెప్టెన్

మెసేజ్ చదివి మేనేజర్ ఉన్నచోటే కూలబడ్డాడు.

మ్యాచ్ రోజున అమ్మాయిల ఫోన్లన్నీ ఒక గుడ్డసంచీలో వేయించుకోవడం అతని పని. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కేటప్పుడు తీసుకుంటే మళ్ళీ ఆట అయ్యాకే ఇవ్వడం. మధ్యలో ఎవరి కొంప మునిగినా సరే. ఇప్పుడు మధ్యాహ్నం రెండయింది. సంచీలో వెలిగిన ఫోన్ కెప్టెన్‌ది. తమ్ముడు పంపిన మెసేజ్ తెర మీదే కనిపిస్తోంది.

"నాన్నని ఇంటికి తీసుకొచ్చేశాం. నువ్వొచ్చాకే ఎత్తుతాం."

మేనేజర్ ఆ ఫోన్ పట్టుకుని కోచ్ గదిలోకి పరిగెత్తాడు. కోచ్ రెండుసార్లు చదివాడు.

"ఆసుపత్రిలో ఉన్నాడని తెలుసు గానీ, ఇంతలోనే ఇలా అవుతుందనుకోలేదు."

"చెప్పేద్దామా సార్?"

"చెబితే వెళ్ళిపోతుంది."

"వెళ్ళాలి కద సార్. కన్నతండ్రి."

కోచ్ ఫోన్‌ని బల్ల మీద బోర్లించాడు. ఈ బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఓడితే జట్టు కింది లీగ్‌కి పడిపోతుంది. పడిపోతే జట్టునే ఎత్తేస్తానని యజమాని పోయిన వారం మొహం మీద చెప్పేశాడు. పన్నెండు మంది అమ్మాయిలు ఉన్నపళాన రోడ్డున పడతారు.

యజమాని ఇంకో మాట కూడా అన్నాడు. "ముందు ఆ కెప్టెన్ని మార్చు. మ్యాచ్‌కి ముప్పై పాయింట్లు కొట్టే పిల్లని పక్కన పెట్టుకుని, నాలుగు పాయింట్ల ఆవిడని నెత్తిన పెట్టుకుంటావేంటయ్యా? నవ్వదు, అరవదు. అసలు ఆవిడ చేసేదేమిటి?"

ముప్పై పాయింట్ల పిల్లని జట్టులో చిచ్చుబుడ్డి అంటారు. నాలుగు పాయింట్ల ఆవిడని పెద్దక్క అంటారు. ఆవిడ చేసేదేమిటో ఆ రోజు కోచ్‌కి చెప్పడం చేతకాలేదు. బుర్ర గోక్కుంటూ వచ్చేశాడు.

"ఆట అయ్యాకే చెబుదాం," అన్నాడు చివరికి. "ఆ పాపమేదో నాకే తగలనీ."

మేనేజర్ కడుపులో ఏ మాటా దాగదు. అరగంటలో మిగతా పదకొండు మందికీ తెలిసిపోయింది. కెప్టెన్ చెవిన మాత్రం పడకుండా అందరూ కాపలా కాశారు.

డ్రెస్సింగ్ రూమ్‌లో పెద్దక్క బెంచీ చివర కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. కట్టింది, విప్పింది, మళ్ళీ కట్టింది. ఎవరో జోకు వేశారు. అది నవ్వొచ్చే జోకు కాదు, అయినా అందరూ విరగబడి నవ్వారు.

పెద్దక్క తలెత్తింది. "ఏంటర్రా ఇవాళ, తెగ ఇకిలిస్తున్నారు?"

"ఏం లేదక్కా, ఊరికే."

"ఆ నవ్వేదేదో గెలిచాక నవ్వండి."

మామూలుగా మ్యాచ్ రోజున బస్సు కదిలేదాకా తండ్రితో ఫోన్లో మాట్లాడుతూనే ఉండి, మేనేజర్ చేత చీవాట్లు తిని గానీ ఆమె ఫోన్ ఇచ్చేది కాదు. ఇవాళ మాత్రం వస్తూనే అందరికంటే ముందు సంచీలో పడేసింది. ఆఖరిసారి మాట్లాడుకోనైనా లేదే అని మేనేజర్‌కి ప్రాణం ఉసూరుమంది.

నాలుగింటికి ఆట మొదలైంది. అమ్మాయిల కళ్ళు బంతి మీద లేవు, పెద్దక్క మీద ఉన్నాయి. చేతుల్లోకి వచ్చిన బంతులు జారిపోయాయి. సగం ఆటకి పదకొండు పాయింట్లు వెనకబడ్డారు. చిచ్చుబుడ్డి కొట్టింది ఆరే. విరామంలో ఆ పిల్ల గోడ వైపు తిరిగి నిలబడింది. పెద్దక్క వెళ్ళి తువ్వాలుతో దాని మొహం తుడిచింది.

"ఏడుస్తున్నావా?"

"చెమటక్కా."

"సరే, చెమటే. ఇటు చూడు. ఇప్పుడు నీకేమీ అనిపించకూడదు. బంతి, రింగు. అంతే. మిగతావేవీ ఎక్కడికీ పారిపోవు. ఆరు గంటలు దాటి ఆట అయ్యాక ఎవరి ఏడుపు వాళ్ళు ఏడుద్దాం."

ఆ గొంతులో కోపం లేదు, లాలనా లేదు. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది. కోచ్ వినలేక మొహం తిప్పుకున్నాడు.

రెండో సగంలో పిల్లలు ఆడారు. పెద్దక్క రెండుసార్లు పడింది, రెండుసార్లు లేచింది. మోచెయ్యి దోక్కుపోయి రక్తం వస్తుంటే రిఫరీ చెప్పేదాకా ఆమెకే తెలియలేదు. ఎవరు ఎటు నుంచి వస్తున్నారో అరిచి చెబుతూనే ఉంది. "ఎడమ వైపు! నేనున్నా, వెనక్కి చూడకు!"

ఎనిమిది సెకన్లు మిగిలాయి. ఒక్క పాయింటు వెనక. బంతి పెద్దక్క చేతిలో ఉంది, రింగు ఎదురుగా ఉంది. ఆమె కొట్టలేదు. ఇద్దరిని తన మీదికి లాక్కుని బంతిని చిచ్చుబుడ్డికి ఇచ్చింది. ఆ పిల్ల కొట్టింది.

ఒక్క పాయింటుతో గెలిచారు. పెద్దక్క ఖాతాలో ఈసారి నాలుగు కూడా లేవు, రెండే.

హాలంతా కేకలు. జట్టులో మాత్రం ఎవరూ గంతులెయ్యలేదు. పెద్దక్క ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయింది.

కోచ్ ఆమె ఫోన్ పట్టుకుని డ్రెస్సింగ్ రూమ్ తలుపు బయట నిలబడ్డాడు. కూడగట్టుకున్న మాటలన్నీ మరిచిపోయాడు. అంతలో ఫోన్ మోగింది. తమ్ముడే.

"బాబూ, నేను కోచ్‌ని. మీ అక్కకి ఇంకా చెప్పలేదయ్యా. పొరపాటే, క్షమించు. ఎలా చెప్పాలో నాకు తోచడం లేదు."



"అక్కకి మీరు చెప్పడమేంటండీ, తెల్లవారుజామున నాన్న కళ్ళు తన చేత్తోనే మూసి, మొహం మీదికి దుప్పటి లాగి, బస్సుకి టైమైందని అక్కడికి వచ్చేసిందిగా!"