దగ్గరి దారి

నా మనసులో మాట నిర్మలకు చెబుతానని ఫ్రాన్సిస్ నాకు మాటిచ్చి, తప్పి, తానే ఆమెను పెళ్లి చేసుకుని యాభై ఏళ్లయింది.

అప్పట్లో ముగ్గురం పంతుళ్లమే. అతను రుద్రవరంలో, ఆమె నంద్యాలలో, నేను ఆళ్లగడ్డలో. త్రిభుజంలో ఏ రెండు భుజాలు కలిపినా మూడోదానికంటే ఎక్కువని ఏటా ఈ ఊళ్ల పేర్లతోనే చెప్పేవాణ్ని. రుద్రవరం తిరిగి నంద్యాల పోవడం కంటే నేరుగా పోవడమే దగ్గర.

నిన్న నంద్యాలలో జరిగిన అతని జ్ఞాపకార్థ కూడికకు వెళ్లాను. పూలు చుట్టిన ఫొటోలోనూ ఆమె పక్కనే నిలబడ్డాడు. అదీ ఓర్వలేకపోయాను.

"నా మాట నీకు చెప్పనేలేదు, పెద్ద భక్తుడు," అన్నాను.

నిర్మల కళ్లద్దాలు తుడుచుకుంది. "నీకు మాటిచ్చిన వారమే చెప్పినాడప్పా. నీ నోటితో విందామని ఏడాది చూసినా. మా పెండ్లి ప్రకటన చర్చి గుడిలో మూడు ఆదివారాలు చదివినారు. అభ్యంతరముంటే చెప్పండని అయ్యగారు అడిగినప్పుడల్లా వాకిలి దిక్కే చూస్తాంటి. ఆళ్లగడ్డ నుంచి ఈడికి బస్సే లేకపాయనా?"

బస్సుంది. ప్రకటన సంగతీ నాకు తెలుసు. ఆ మూడు ఆదివారాలూ బస్టాండు దాకా పోయి, బస్సు కదిలేదాకా నిలబడి, ఇంటికి తిరిగొచ్చాను. అది ఆమెకు చెప్పలేదు.

తిరుగు బస్సు నన్ను గంటలో ఆళ్లగడ్డలో దింపింది. చెప్పలేదని ఇన్నేళ్లు అతణ్ని తిట్టుకున్నాను. ఇకమీదట చెప్పినందుకు తిట్టుకుంటాను. నీ మాట నువ్వే చెప్పుకొమ్మని ఆనాడే నన్ను మెడబట్టి బస్సెక్కించాల్సింది, ఆ ఫ్రాన్సిస్.