కుట్లు విప్పిన పూట

తువ్వాలు, నీళ్ళసీసా, దువ్వెన. మూడూ గబగబా సంచిలో కుక్కేసింది దర్జీ ఆవిడ.

"ఎక్కడికమ్మా? ఈ విడతలో ఇంకా నాలుగు సూదులున్నాయిగా!" అన్నాడు పక్క కుర్చీలో పెద్దాయన.

వార్డంతటికీ ఆయన 'సలహాల తాత'. అడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. ఆయన సూది వేయించుకోగా ఆమె ఎప్పుడూ చూడలేదు. తనకంటే ముందే అయిపోతుందేమో అనుకునేది.

"ఇంటికి. మూడు నెలల్నుంచీ పొట్టంతా పొడిపించుకుంటున్నా. రక్తం కౌంటు పెరక్కపోగా ఇంకా పడిపోయింది. చచ్చేదేదో నా మిషను పక్కనే చస్తాను."

"బిగుతు చొక్కా వదులు చెయ్యాలంటే ముందేం చేస్తావు?"

"కుట్లు విప్పుతాను."

"విప్పిన పూట అది చొక్కాలా ఉంటుందా?"

"పీలికల్లా ఉంటుంది. అయితే?"

"నీ మూలుగలో పిల్లకణాలు ఎదగనీకుండా దొంగకుట్లు పడ్డాయి తల్లీ. ఈ మందు దారంలా వేషం కట్టి లోపలికి దూరుతుంది. ఆ కుట్లేసే సూది దీనికే చిక్కుకుపోతుంది. పాత కుట్లు ఒక్కొక్కటే వదులై, కణాలు ఎదగడం మొదలెడతాయి. ఈలోగా చెడ్డవి రాలతాయి, కౌంటు పడుతుంది. ఆరు విడతలన్నా ఆగాలి."

"ముందు మీ జబ్బు సంగతి చూసుకోండి తాతగారూ!"

ఆయన ముందుకు వంగాడు. ఆమె సంచి కాడ పట్టుకున్నాడు.

లాగింది. వదల్లేదు. రెండో చెయ్యి కూడా వేసి బిగించాడు.

ఏమనుకుందో, ఆమె కూర్చుండిపోయింది. గొణుక్కుంటూనే సూది వేయించుకుంది.

ఆరో విడతకి కౌంటు పెరిగింది.

ఆమె కంటికొలతతోనే తాతకి మెత్తటి చొక్కా ఒకటి కుట్టి తెచ్చింది. నోరు జారినందుకు క్షమించమని ఎలా అడగాలో దారి పొడవునా అనుకుంటూ వచ్చింది.

కుర్చీ ఖాళీగా ఉంది.

"సిస్టర్, తాతగారేరీ?"

నర్సు దూది పక్కన పెట్టింది. "పదిరోజులైందమ్మా. గుండెపోటొచ్చి పోయారు."

చొక్కా ఒళ్ళో అలాగే ఉండిపోయింది.

"పాపం, ఆయనకి ఆరు విడతలూ పూర్తయ్యాయా?"

"ఆయనకా? ఆయనకి ఏ జబ్బూ లేదు. ఆ కుర్చీ ఒకప్పుడు ఆయన భార్యది."

ఆవిడకి మూడో విడత మధ్యలో, కౌంటు పడిపోతోందని భయపడి, ఆయనే సంచి సర్ది ఆవిడని ఇంటికి తీసుకెళ్ళాడు. ఆవిడ మళ్ళీ రాలేదు. కిందటేడు చలికాలంలో పోయింది.