కోటు వెనక కుచ్చులు

అమెరికాలో పెళ్లిళ్లు మానుకుని, ఒకే కుటుంబంలా బతికే షేకర్లనే క్రైస్తవ భక్తుల ఊళ్లో మగవాళ్లందరూ అన్నయ్యలే, ఆడవాళ్లందరూ చెల్లెమ్మలే. వాళ్లందరిలోకీ మొండివాడు, పెట్టెలు చేసే ఆసా. అతని బట్టలు కుట్టే పని పోయిపోయి, మూలికలు ఎండబెట్టి పెట్టెల్లో దాచే కెజయా నెత్తినే పడింది.

ఆదివారం కూటంలో ఆడవాళ్లూ మగవాళ్లూ ఎదురెదురు వరుసల్లో కూర్చున్నారు. ఆసా కొత్త పెట్టె పైకెత్తి చూపించాడు. ఆవిరిపట్టి వంచిన పల్చటి చెక్క. కలిపేచోట అంచుని ఎప్పట్లా వేళ్లలా చీల్చి మధ్య సందులు వదలకుండా, నిలువునా మేకులు కొట్టేశాడు.

"వేళ్లు ఒట్టి సోకని వారం నుంచీ చెబుతున్నాను. రేపట్నుంచి పెట్టెలన్నీ ఇంతే."

"వానలకి చెక్క ఉబ్బుతుందన్నయ్యా! వేళ్ల మధ్య సందు లేకపోతే పగుల్తుంది. నా మూలికలన్నీ బూజు పడతాయి," అంది కెజయా.

"గట్టిగా బిగిస్తే ఎందుకు ఉబ్బుతుంది, చెల్లెమ్మా?"

"అంతేలే. నీ ఒంటిమీది కోటు వెనక కుచ్చులు కూడా సోకేనని విప్పేసి, బిగించి కుట్టాను."

పీకలదాకా ఆపిల్ కుడుములు తిని వచ్చిన ఆసా పకపకా నవ్వాడు. కోటు బొత్తాం ఎగిరి, ఎదురు వరుసలో ఊరిపెద్ద లూసిండమ్మ ఒళ్లో పడింది.

ఆవిడ దాన్ని తిప్పి చూసి, "దారం సరిగ్గా వెయ్యలేదా, కెజయా?" అంది.

"వేశానమ్మా. గట్టిగానే బిగించాను."

అందరూ ఆసా పొట్టవైపు చూశారు. అతను రెండు చేతులతో కోటు దగ్గరికి లాక్కున్నాడు.

"తప్పు నాదే," అన్నాడు, అందరికీ వినపడేలా. "చెక్కకి వేళ్లు పెడతాను. నువ్వు కుచ్చులు పెట్టు తల్లీ."