వసీలీ తుపాకీ

"మామ్మా, పెట్టెకి రెండు కన్నాలున్నాయి. తాళంకప్ప ఒకటే వేశారు. రెండోది ఏదీ?" అంది కౌంటర్‌లో అమ్మాయి.

నస్తాసియా పెట్టె వంక చూసింది. నిజమే, రెండు కన్నాలు. ఎవరో వాడి అమ్మేసిన తుపాకీ పెట్టె అది. ఒక తాళంకప్పతోనే చేతికొచ్చింది.

ఊళ్ళో అయితే ఈ గోలే లేదు. తుపాకీని దుప్పట్లో చుట్టి పైలట్ చేతికిస్తే సీట్ల వెనక్కి తోసేస్తాడు. ఇది యాంకరేజ్ మరి. పట్నానికి పట్టింపులెక్కువ.

"వేయకపోతే ఏమవుతుందమ్మా?"

"పెట్టె విమానమెక్కదు. బెతెల్‌ వెళ్ళేదానికి ఇంకో ఇరవై నిమిషాల్లో సామాను తీసుకోవడం ఆపేస్తాం."

"తర్వాతది?"

"రేపు."

నస్తాసియాకి ఏడుపొచ్చినంత పనైంది. గంట నుంచి వరసలో నిలబడి మోకాళ్ళు సలుపుతున్నాయి.

"రేపు పొద్దున్నే మా వాళ్ళ పడవ మూస్ దుప్పి వేటకి బయల్దేరుతుంది. తుపాకీ లేకపోతే మా ఆయన్ని ఎక్కించుకోరు. పోయినేడూ అంతే, ఒడ్డున వదిలేసి పోయారు. మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. తప్పంతా నాదే అయినట్టు!"

ఆ అమ్మాయి పేరు మారిబెల్. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఏడేళ్ళుగా ఆ కౌంటర్‌లోనే నిలబడుతోంది. ఆమె కాళ్ళూ సలుపుతూనే ఉన్నాయి.

"ముందు మిగతావి కానిద్దాం, తెరవండి," అంది.

గొట్టం ఖాళీ. తూటాని లోపలికి తోసే బోల్టు విడదీసి మేజోడులో పెట్టి ఉంది. తూటాలు కొన్న అట్టపెట్టెలోనే ఉన్నాయి. మారిబెల్ వాటిని తూకమేసి, నారింజరంగు చీటీ ముందుకు తోసింది. తుపాకీలో తూటాలు లేవని సంతకం చేయాలి.

"తుపాకీ ఎవరిది?"

"మా ఆయనది. వసీలీ."

"చెక్క కొత్తగా కోసినట్టుందే?"

"దానికోసమేగా ఇంత దూరం మోసుకొచ్చింది! భుజానికి ఆనించే చోట రెండంగుళాలు తీయించాను. ఆయనకి చెయ్యి అందట్లేదు."

"వయసు అలాంటిది మామ్మా. మా నాన్నకీ చొక్కాలన్నీ వదులైపోయాయి."

నస్తాసియా "ఊఁ" అని సంతకం చేసింది.

"ఆయనే రావచ్చుగా? మిమ్మల్ని ఇలా తిప్పకపోతే."

"ఆయనా? పొద్దున లేపడానికే నా తల ప్రాణం తోకకొస్తుంది. లేపితే మూతి ముడుపు. చేప తలకాయ వండిపెడితే కంచం అవతలకి తోస్తాడు. సాయంత్రమైందంటే స్నేహితుల కొంపలోనే. పిలవగా పిలవగా వస్తాడు, బూట్ల బురదంతా నట్టింట్లోకి తెస్తాడు."

"అచ్చం మా ఆయనే!" మారిబెల్‌ ఆ పూటకి మొదటిసారి నవ్వింది. "ఎవరు కడుగుతారు ఆ బురద?"

"ఇంకెవరు, నేనే."

"మీరు గారం చేశారు మామ్మా. ఇప్పుడనుకుని ఏం లాభం?"

"గారం చేయక చస్తానా? ఉన్నది ఒక్కడేగా," అంది నస్తాసియా. వెంటనే గోడ గడియారం చూసింది. పదకొండు నిమిషాలుంది.

తాళంకప్పలమ్మే దుకాణం లోపలెక్కడో ఉందట. ఈ మోకాళ్ళతో వెళ్ళి రావాలంటే అరగంట. "పోనీలే తల్లీ, నా రాత," అంటూ పెట్టె మూయబోయింది.

"ఉండండి, ఉండండి," అని మారిబెల్ వెనక గదిలోకి పరిగెత్తింది. తన బట్టలూ అన్నం డబ్బా పెట్టుకునే బీరువా తాళంకప్పని ఊడబెరుక్కుని తెచ్చి, రెండో కన్నానికి తగిలించి టక్కున నొక్కింది.

"మరి నీ బీరువా?"

"నా అన్నం ఎవరెత్తుకుపోతారు మామ్మా! ఇదిగో తాళంచెవి. దీన్ని ఇంకెవరికీ ఇవ్వకూడదు."

"మా ఆయనక్కూడానా?"

"ఆయనకసలే వద్దు."

పెట్టె కదిలే పట్టీ మీద లోపలికి వెళ్ళింది. కనుమరుగయ్యేదాకా నస్తాసియా అక్కడే నిలబడింది. విమానంలో కూచోగానే నిద్రపట్టేసింది.

బెతెల్‌లో దిగి ఆరు సీట్ల చిన్న విమానమెక్కింది. పైలట్ ఏమీ అడగలేదు. పెట్టెని సీట్ల వెనక్కి తోశాడు.

మధ్యాహ్నం రెండింటికి ఊళ్ళో దిగేసరికి, కంకర రన్‌వే పక్కన కూతురు ఒలింకా నాలుగు చక్రాల బండి మీద కూచుని ఉంది.

"తెచ్చావా? హమ్మయ్య! నాన్న పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నది ఒడ్డుకీ ఇంటికీ తిరుగుతున్నాడు."

"పడవలో ఇంకో మనిషికి చోటుందేమో కనుక్కో," అంది నస్తాసియా, పెట్టెని బండికి కడుతూ.

"ఎవరికి?"

"నాకు."

"నీకా! ఈ మోకాళ్ళతోనా? వారం రోజులు చలిలో పడుకోవాలమ్మా. ఆయన్ని చూసుకోడానికి అంతమంది మగాళ్ళున్నారు కదా!"

"అప్పుడూ ఉన్నారు మగాళ్ళు," అంది నస్తాసియా. "ఒకసారి నేను లేకుండా పంపాను. చాలు."

ఒలింకా బండి నడిపింది.

పదకొండేళ్ళ కిందట ఇదే నెలలో వేటకెళ్ళి ఆ నదిలో మునిగిపోయి, మరుసటి ఏడు ఒలింకా కడుపున అదే పేరుతో తిరిగొచ్చిన వసీలీకి నిన్నటితో పదేళ్ళు నిండాయి.